బండివాడి ప్రశ్న

కన్యాశుల్కాన్ని నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో, హాస్టల్ గదిలో, తెల్లారితే ఇంటర్నల్ పరీక్ష ఉందనగా. గిరీశం ఇంగ్లీషు ముక్కలు పక్క మంచం వాడికి పైకి చదివి వినిపిస్తుంటే ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. రెండోసారి పోయిన వానాకాలంలో, 34 ఏళ్ల వయసులో, ఒక్కణ్నే. ఈసారీ నవ్వాను. కానీ ఒకచోట మాత్రం నవ్వు సగంలో ఆగిపోయింది. మొదటిసారి చదివినప్పుడు ఆ చోటు ఎలా దాటిపోయానో గుర్తు కూడా లేదు.

చిన్న ముచ్చటే అది. గిరీశం, వెంకటేశం విజయనగరం నుంచి కృష్ణరాయపురం అగ్రహారానికి బండి మీద వస్తారు. ఆ తర్వాత ఒకచోట గిరీశం శిష్యుడి దగ్గర వాపోతాడు. దారిలో ఆ బండివాడికి రెండు గంటలపాటు నేషనల్ కాంగ్రెస్ గురించి లెక్చరిచ్చాడట. అంతా విని వాడు చివరికి అడిగిన ప్రశ్న ఒక్కటే: మా ఊరి హెడ్ కానిస్టేబుల్‌ని కాంగ్రెస్ వాళ్లు ఎప్పుడు బదిలీ చేయిస్తారు? గిరీశం దృష్టిలో ఇది పల్లెటూరి మూర్ఖత్వానికి తిరుగులేని రుజువు. బండివాడి మీద ఓ తిట్టు పారేసి వేరే సంగతిలోకి వెళ్లిపోతాడు. మనమూ నవ్వేసి అతని వెంటే వెళ్లిపోతాం.

ఈ ముచ్చటను మామూలుగా రెండు రకాలుగా చదువుతారు. ఒకటి, గిరీశం చదివినట్టే: పామరుడికి దేశం గురించి చెప్తే ఏం అర్థమవుతుంది అని. రెండోది కాస్త తెలివైన చదువు: ఇంగ్లీషు చదువుకున్న తొలినాళ్ల కాంగ్రెస్ పెద్దలకీ ఊళ్లలో జనానికీ మధ్య ఉన్న ఎడాన్ని గురజాడ ఎత్తిచూపాడని. రెండూ తప్పు కాదు. కానీ నా ఉద్యోగం వల్ల కాబోలు, నాకు మూడోది కనబడింది. మా ఆఫీసులో ఏ మీటింగ్ అయినా ముగిశాక ఎవరో ఒకరు మెయిల్ పెట్టాలి. అందులో మూడే సంగతులుండాలి: పని ఎవరు చేస్తారు, ఏం చేస్తారు, ఎప్పటికి చేస్తారు. ఆ మూడూ లేకపోతే అది మీటింగ్ కాదు, కాలక్షేపం. బండివాడి ప్రశ్న మళ్లీ చూడండి. ఎవరు? కాంగ్రెస్ వాళ్లు. ఏం? హెడ్డు బదిలీ. ఎప్పుడు? అదే కదా అతను అడిగింది. రెండు గంటల లెక్చర్లో గిరీశం వల్ల కానిది, అతను ఒక్క వాక్యంలో చేశాడు. ఒక ఆలోచనని పని చేశాడు. సొంత బండి తోలుకు బతికేవాడికి ఊళ్లో పోలీసుతో ఏ రకమైన చిక్కులుంటాయో ఊహించుకోవడం కష్టమేం కాదు. దేశం అతనికి అర్థం కాకపోవడం కాదు, అతనికి దేశం తగిలేది అక్కడే.

ఆ చిక్కు తీరిందో లేదో నాటకం చెప్పదు. బండివాడు రంగస్థలం మీదికే రాడు. అతని ప్రశ్న కూడా మనకి గిరీశం నోట, వెటకారంగా, అందుతుంది. అంత చిన్న జాగాలో గురజాడ దాన్ని పెట్టి వదిలేశాడు.

గిరీశాన్ని మనం వేషధారి అనుకుంటాం. మనసులో ఒకటి, నోట ఒకటి ఉన్నవాడని. రెండోసారి చదివాక ఆ మాట నాకు చాలలేదు. వేషధారికి తాను అబద్ధమాడుతున్నానని తెలిసి ఉండాలి. గిరీశం వితంతు వివాహం గురించి మాట్లాడుతున్న క్షణంలో, ఆ క్షణానికి, నమ్మే మాట్లాడతాడని నాకనిపిస్తుంది. వితంతువు మీద ఇంగ్లీషులో పద్యం రాసుకున్నాడు. అది వల్లిస్తున్నప్పుడు అతనిలో నిజంగానే ఏదో కదులుతుంది. చిక్కేమిటంటే ఆ కదలికతోనే అతనికి కడుపు నిండిపోతుంది. ఏదైనా గొప్ప పని చేశాక కలిగే తృప్తి ఉంటుందే, అది అతనికి మాట్లాడగానే ముందే ముట్టేస్తుంది. ముట్టాక ఇక చేయడానికి కారణమేం మిగిలింది?

పోనీ సోమరి అందామా అంటే, అదీ కాదు. ఇది నాకు మొదటిసారి అసలు తట్టలేదు. గిరీశం నాటకం పొడుగునా ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తాడు. విజయనగరంలో అప్పులవాళ్ల కళ్లు కప్పి ఊరు దాటాలి, దాటాడు. సెలవుల్లో తిండికీ పక్కకీ ఒక ఇల్లు కావాలి, శిష్యుడికి చదువు చెప్పే నెపం మీద సంపాదించాడు. ఆ ఇంటి యజమాని అగ్నిహోత్రావధాన్లు ముక్కోపి, పైగా ఇంగ్లీషు చదువంటేనే మంట. అలాంటివాణ్ని అతని కోర్టు దావాల బలహీనత పట్టుకుని గుప్పిట్లో పెట్టుకున్నాడు. ప్రతి చిన్న పనికీ పక్కాగా ప్లాన్ వేశాడు, టైముకి పూర్తి చేశాడు. ఊళ్లో స్త్రీల బాగు, దేశం బాగు అనేసరికి మాత్రం లెక్చరు. తన పూటకి పని, లోకం పూటకి మాట. ఈ పంపకం అతనిలో ఎక్కడా తడబడదు.

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు, ఎందుకంటే నా నవ్వు ఆగింది దానివల్లే.

మా ఊరు విజయనగరం జిల్లాలో. ఉద్యోగం గచ్చిబౌలిలో. రెండు వారాలకోసారి ఏదో ఒకటి పూర్తిచేసి కస్టమర్‌కి అప్పగించడం నా వృత్తి, పదకొండేళ్లుగా ఒక్కసారి కూడా పెద్దగా గడువు తప్పలేదు. 2019 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, తాతగారింటి వీధిగది ఖాళీగా ఉందని చూసి, అందులో పిల్లలకి చిన్న చదువుల గది పెడదామన్నాను. భోజనాల దగ్గర చాలాసేపు చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే, అన్నం వడ్డిస్తున్న పిన్ని గరిట పట్టుకుని అలా నిలబడి వింది. హైదరాబాద్ వచ్చి వాట్సాప్ గ్రూపు పెట్టాను, పదకొండుమందిమి. గదికి ఏం పేరు పెట్టాలన్న దానిమీదే మూడు వారాలు చర్చ నడిచింది, ఇద్దరు అలిగి వెళ్లిపోయారు కూడా. పుస్తకాల జాబితాకి స్ప్రెడ్‌షీట్ చేశాను. 640 వరసలు. వయసునిబట్టి రంగులు. ఏ పుస్తకం ఎవరి దగ్గర ఎన్ని రోజులుందో తెలిసేలా ఒక చిన్న యాప్ కూడా సగం రాశాను. ఆ సగం చాలా బాగుంటుంది. ఊరికి ఒక్క పుస్తకం వెళ్లలేదు.

అలాగని నేను అబద్ధమాడానా? లేదు. చెప్పిన ప్రతిమాటా నమ్మే చెప్పాను. అందుకే గిరీశాన్ని వేషధారి అనే మాట నాకు చాలట్లేదంటున్నాను.

మాటకీ పనికీ మధ్య ఏముంటుందో చూడాలంటే నాటకంలోంచి కాసేపు బయటికి, రాజమండ్రికి వెళ్లాలి. గిరీశం అవసరమైనప్పుడల్లా వాడుకునే పేరు వీరేశలింగం గారిది కనక ఇది దారి తప్పడం కాదు. వితంతు వివాహాలు చెల్లుతాయని చట్టం వచ్చింది 1856లో. అంటే ఆలోచన ఉంది, చట్టం ఉంది, ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు శాస్త్రాల్లోంచి వెతికి తీసిన ప్రమాణాలూ ఉన్నాయి. రాజమండ్రిలో వీరేశలింగం ఈ విషయం మీద ఉపన్యాసమిచ్చింది 1879లో. మొదటి పెళ్లి జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ రెండేళ్ల పైచిలుకు కాలంలో ఏం జరిగిందో చూస్తే ఆదర్శాల కంటే సరంజామా ఎక్కువ కనబడుతుంది. డబ్బు కావాలి, కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు ఇచ్చారు. మనుషులు కావాలి, ఆయన శిష్యులైన విద్యార్థులు నిలబడ్డారు. పెళ్లినాడు అల్లర్లు కాకుండా పోలీసులు కావాలి. వెలికి భయపడి వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి తానే వంట చేశారు.

మన పాఠ్యపుస్తకాలు 'సంఘసంస్కరణ' అనే పెద్దమాటతో ఇదంతా ఒక్క పేరాలో ముగిస్తాయి. నాకు మాత్రం ఆ బిందె దగ్గరే కళ్లు ఆగాయి. పాతికేళ్లపాటు చట్టపుస్తకంలో పడి ఉన్న ఒక ఆలోచన గోదావరి జిల్లాలో నిజం కావాలంటే ఎవరో ఒకరు ఆ పూట నీళ్లు మోయాలి. ఆమె ఉపన్యాసమిచ్చినట్టు నేనెక్కడా చదవలేదు.

అయితే 1879 నాటి ఉపన్యాసం వృథా అని కాదు. అది లేకపోతే ఇదేదీ లేదు. మాటలు వద్దు, పనే కావాలి అని అరిచేవాళ్లంటే నాకు గిరీశమంటే ఉన్నంత అనుమానం. (వట్టి మాటలు మానమని గురజాడ రాసిన గేయాన్ని మనవాళ్లు ఎంత వాడారంటే, ఇప్పుడు సభల్లో గంటేసి మాట్లాడే ప్రతివాడూ దానితోనే మొదలుపెడతాడు.) తేడా మాట్లాడటంలో లేదు. వీరేశలింగం ఉపన్యాసానికి వీరేశలింగమే ఖర్చు పెట్టుకున్నాడు, వెలి రూపంలో, శత్రువుల రూపంలో. గిరీశం ఉపన్యాసానికి ఎవరు ఖర్చు పెట్టుకుంటారు? దీనికి జవాబు నాటకంలో ఉంది. దానికి ముందు ఇంకొకరిని చూడాలి.

కరటకశాస్త్రి. నాటకంలో నిజంగా ఒక పెళ్లి ఆపేది ఇతనే. అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మబోతున్నాడు. తల్లి వెంకమ్మ తట్టుకోలేక నూతిలో దూకుతుంది. బయటికి తీస్తారు. వెంకమ్మ అన్నదమ్ముడు కరటకశాస్త్రి ఆ క్షణంలో ఈ పెళ్లి తప్పిస్తానని మాటిస్తాడు. అతనికి సంస్కరణ మీద సిద్ధాంతమేదీ లేదు. కాంగ్రెస్ లేదు, పద్యం లేదు. ఉన్నవల్లా ఒక చెల్లి, ఒక గడువు. నాటకాల్లో వేషం కట్టే అనుభవం ఒకటుంది, కాబట్టి చేతికొచ్చిన పనిముట్టుతోనే పని మొదలుపెడతాడు. శిష్యుడికి ఆడవేషం వేసి, తన కూతురని చెప్పి, లుబ్ధావధాన్లుకే కట్టబెట్టేస్తాడు. ఆ తర్వాత 'పెళ్లికూతురు' మాయం.

ఇంజనీరుగా చెప్తున్నాను, ఇంత దరిద్రమైన డిజైన్ నేనెప్పుడూ చూడలేదు. అబద్ధం మీద అబద్ధం, వెనక్కి తిరిగే దారి లేదు, తర్వాతి అంకం గురించి ఆలోచనే లేదు. అనుకున్నట్టే బెడిసికొట్టింది కూడా. మాయమైన పెళ్లికూతుర్ని చంపేశాడని ముసలాడి మీద కేసు పడింది. ఆడపిల్లని కొనుక్కోబోయినవాడే కావచ్చు, చేయని హత్యకి చిక్కుకోవడం వేరు. అయినా సుబ్బి పెళ్లి ఆగింది. నాటకంలో ఉన్న ఆదర్శవాదులందరూ కలిసి ఆపలేని పెళ్లి, ఈ ఆదర్శం లేని బ్రాహ్మడు, ఒక కుర్రాడికి చీర కట్టి ఆపాడు.

గురజాడ నిజాయితీ నాకు ఇక్కడ తెలుస్తుంది. పని చేసేవాడు మంచివాడు, మాటల మనిషి చెడ్డవాడు అనే సులువైన లెక్క వేయలేదు. పని చేస్తే చెయ్యి మురికవుతుంది, పక్కవాడికి దెబ్బ తగులుతుంది, కొత్త చిక్కు పుడుతుంది. ఇవన్నీ చూపించాడు. అదీ కాక, నా బోటివాళ్లు పనిలోకి దిగకపోవడానికి చెప్పుకునే సాకు సరిగ్గా ఇదే కదా: ఇంకా అన్నీ కుదరలేదు, అన్ని చిక్కులూ ఆలోచించలేదు, యాప్ ఇంకా సగమే అయింది. కరటకశాస్త్రి ఏ చిక్కూ ఆలోచించలేదు. అతను చేసిన తప్పులు సర్దడానికి మరో మనిషి కావలసి వచ్చింది.

ఆ మనిషి మధురవాణి. ఆమె మీద మన విమర్శకులు రాసినంత మరెవరి మీదా రాయలేదు గనక నేను పొడిగించను. ఒక్క సంగతి. సౌజన్యారావు పంతులు నాటకంలో నిజమైన సంస్కర్త, నిజంగానే మంచివాడు, విశాఖపట్నంలో వకీలు. ఆయనకో నియమం ఉంది: వేశ్యల ముఖం చూడడు. ఆ నియమం ఆయన దృష్టిలో ఆయన చేస్తున్న పని. కానీ కేసు తేలాలంటే కావలసిన నిజం ఒక వేశ్య దగ్గరుంది. నియమం నిలిస్తే నిజం గుమ్మం దాటి రాదు. చివరికి మధురవాణే మగవేషం వేసుకుని ఆయన గది లోపలికి వస్తుంది. ఆయన చేయలేని పనిని, ఆయన కోసం, ఆయన నియమాన్ని దొంగదారిన దాటించి ఆమె చేసిపెట్టింది. ప్రతిఫలంగా ముద్దు అడగడం, ఆయన లోలోపల నలిగిపోయి ఒప్పుకోవడం, తీరా ఒప్పుకున్నాక ఆమే వద్దనడం అందరికీ తెలిసిన ఘట్టమే. నాకు అందులో ముఖ్యమనిపించింది ముద్దు కాదు. మంచితనం కూడా ఒక్కోసారి చేతులు కట్టేసుకోవడానికి మర్యాదైన పద్ధతి అవుతుందన్నది.

ఇంకోటి. గిరీశాన్ని మొదట ఇట్టే నమ్మేసింది కూడా ఈ సౌజన్యారావే. మధురవాణి ఒక్క రోజు కూడా మోసపోలేదు. బండివాడూ మోసపోలేదు. ఆదర్శం ఉన్నవాడే ఆదర్శం మాటలకి తొందరగా లొంగుతాడు, తన భాష ఎదుటివాడి నోట వింటే తన మనిషే అనుకుంటాడు. మా గ్రూపులో పదకొండుమందీ అందుకే చేరారు మరి.

ఇప్పుడు ఖర్చు సంగతి. గిరీశం ఉపన్యాసాలకి ఖర్చు పెట్టుకున్నది బుచ్చమ్మ.

అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు, వయసులో ఉన్న వితంతువు. గిరీశం మాటల్ని నాటకం మొత్తంలో మనసారా నమ్మింది ఆమె ఒక్కతే. వెంకటేశం నమ్మకం చుట్టలకీ గొప్పలకీ. సౌజన్యారావు నమ్మకం సిద్ధాంతానికి. బుచ్చమ్మ నమ్మకం జీవితానికి. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు, అందులో పాపం లేదు అని అతను అంటే, ఆమె దాన్ని లెక్చరుగా వినలేదు. పైగా చెల్లెలి పెళ్లి ఆగాలన్న ఆరాటం ఒకటి. అర్ధరాత్రి ఇల్లు వదిలి వచ్చేసింది. ఆనాటి అగ్రహారంలో ఒక వితంతువు పరాయి మగవాడి వెంట గడప దాటడమంటే వెనక్కి రావడానికి గడప లేనట్టే. అంటే నాటకంలో సంస్కరణ అనే ఆలోచనని అక్షరాలా ఆచరణలో పెట్టిన మనిషి గిరీశం కాదు, సౌజన్యారావు కాదు. అక్షరం రాని బుచ్చమ్మ.

అందుకే చివరి రంగం నాకు ఇప్పుడు ఇబ్బంది పెడుతుంది. గిరీశం బండారం బయటపడుతుంది, పెళ్లి ఆశ పోతుంది, మనందరికీ నోటికొచ్చిన ఆ ముక్క అనేసి అతను తప్పుకుంటాడు, తెర పడుతుంది. బుచ్చమ్మని పూనాలో వితంతువుల కోసం నడిపే హోముకి పంపాలని సౌజన్యారావు నిర్ణయిస్తాడు. మంచి నిర్ణయమే, ఉన్నవాటిలో. కానీ ఆమె ఆ రంగంలో లేదు. తను నమ్మి వచ్చినవాడు ఎలాంటివాడో ఆమెకి ఎవరు చెప్పారు? విని ఏమంది? పూనా ఎక్కడుందో అయినా తెలుసా? నాటకం మొత్తంలో అందరికంటే పెద్ద అడుగు వేసిన మనిషికి ఆఖర్న ఒక్క మాట దక్కలేదు. మధురవాణి ఎంత వెలిగినా ఈ చీకటి పూడదు. దీన్ని గురజాడ లోపమనే అంటాను. కావాలనే అలా వదిలాడని వాదించేవాళ్లున్నారు, ఆడవాళ్ల గతిని మగవాళ్లు గదిలో కూర్చుని తేల్చేయడం చూపించడానికని. కావచ్చు. కానీ కరటకశాస్త్రి భయానికి, లుబ్ధావధాన్లు ఏడుపుకి అన్ని పేజీలిచ్చిన రచయిత, ఆమెకి ఒకటిస్తే వాదన బలపడేదే తప్ప తగ్గేది కాదు.

గురజాడ స్వయంగా ఈ మాట-పని గొడవలో ఎక్కడ నిలబడ్డాడన్నది కూడా చూడాలి. కన్యాశుల్కం ముందుమాటలో కొన్ని అంకెలున్నాయి. విజయనగరం మహారాజా ఆనందగజపతి, విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్లు లెక్కలు కట్టించాడు. 1034 తేలాయి. అందులో 99 మంది పిల్లలకి ఐదేళ్లు. 44 మందికి నాలుగు. 36 మందికి మూడు. ఆరుగురికి రెండు. ముగ్గురికి ఒక్క ఏడాది, ఆ పసిపిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. ఆ మూడు అనే అంకె దగ్గర మనిషన్నవాడు కాసేపు ఆగాలి. ఈ లెక్కల వెనక చట్టం తేవాలన్న ఉద్దేశం ఉంది. చట్టం రాలేదు. అంటే సర్వే అయింది, నివేదిక ఉంది, ప్రభువు మద్దతుంది, అక్కడితో కథ అయిపోయింది. మనకి బాగా తెలిసిన కథే.

ఆ కాగితాల్లో చచ్చిపోవలసిన అంకెలు బతికింది నాటకం వల్ల. నాటకమూ మాటే, నిజమే. కానీ అది పూర్తయిన మాట. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. అంతటితో ఊరుకోవచ్చు. పన్నెండేళ్ల తర్వాత, 1909లో, దాదాపు కొత్త నాటకమా అన్నంతగా తిరగరాసి వేశాడు. మనం ఈరోజు చదివే మధురవాణి ఈ రెండో కూర్పులో పెరిగిన మనిషి. మొదటిదాంట్లో ఆమెది చిన్న పాత్ర. మొదటి కూర్పుని బయటికి వదలకుండా, సంపూర్ణంగా కుదిరాకే ఇద్దామని ఆయన కూర్చుని ఉంటే మనకి రెండూ ఉండేవి కావేమో.

ఇలా అన్నానని ఆయన్ని పనిమంతులకి పటం కట్టి చూపించనక్కర్లేదు. 'కొండుభట్టీయం' పూర్తికాలేదు. 'బిల్హణీయం' పూర్తికాలేదు. డైరీల నిండా చదవాల్సినవి, రాయాల్సినవి. ఒంట్లో సుఖం ఎప్పుడూ అంతంత మాత్రమే. 1915లో పోయేనాటికి ఆయనకి 53 ఏళ్లు. గిరీశాన్ని ఇంత దగ్గరగా, ఇంత సరదాగా రాయగలిగాడంటే, ఆ జబ్బు రుచి తనకీ తెలిసే ఉంటుందని నా అనుమానం. పూర్తిగా అసహ్యించుకునేవాడి నోట అంత మంచి మాటలు పెట్టలేం. వెల్చేరు నారాయణరావు గారు ఈ నాటకాన్ని ఇంగ్లీషు చేస్తూ, దీన్ని కేవలం సంస్కరణ నాటకంగా చదివితే చాలా పోతుందని వాదించారు. గిరీశం విషయంలో నేను అటువైపే. అతన్ని దోషిగా నిలబెట్టి మనం పక్కకి తప్పుకునేలా ఆ పాత్ర రాయలేదు. అతని మాటలు వింటుంటే మనకి హాయిగా ఉంటుంది. ఆ హాయి దగ్గరే మనం దొరికిపోతాం.

పిన్ని సంగతి పూర్తిచేయాలి. ఆ సంక్రాంతి తర్వాత నెలలోపే ఆమె వీధిగదికి సున్నం వేయించి, ఊరి వడ్రంగి చేత రెండు వేపచెక్క బెంచీలు చేయించింది. పిల్లలు కూచోడానికని, కొంచెం పొట్టివి. నాకు చెప్పలేదు. రెండేళ్ల తర్వాత ఎప్పుడో అమ్మ మాటల్లో తెలిసింది, తన పింఛను డబ్బులు పెట్టిందని. ఎంతని అడగడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడా గది ఎవరో ఎరువుల బస్తాలు పెట్టుకోడానికి అద్దెకి తీసుకున్నారు. బెంచీలు పెరట్లో గోడకి చేరవేసి ఉన్నాయి, వానకి తడవకుండా పైన పరదా కప్పి.

పోయిన గురువారం, ఈ వ్యాసం సగంలో ఉండగా, ఆమే ఫోన్ చేసింది. బస్టాండు దగ్గర కొత్తగా టీ కొట్టు పెట్టినాయన బెంచీలు అడుగుతున్నాడట.

"ఇచ్చీమంటావేట్రా? నువ్వు వాడతావని అట్టే ఉంచాను."

వద్దు పిన్నీ, ఉండనీ అన్నాను. నేనే వస్తాను, వచ్చి ఓ ఆదివారం గది సంగతి చూస్తాను, పుస్తకాలు కూడా పట్టుకొస్తాను, జాబితా రెడీగా ఉంది అన్నాను. ఇంకా ఏదో చెప్పబోతున్నాను.

"ఏ ఆదివారం?" అంది.